ఏడు ముద్రల అన్నం

పోయినవారం మన గ్రాముల మేస్త్రిని మంచం మీద కూర్చోబెట్టి, ఒళ్లో రాళ్లపెట్టె పెట్టి, నోరు తెరిపించి వదిలేశాం. ఏడు రోజులు నోరు తెరుచుకుని కూర్చున్న మనిషి ఈపాటికి ఏ నాలుగు ముద్దలో లోపలికి తోసి ఉంటాడని మీరు అనుకోవచ్చు. తొయ్యలేదు. ఆయన కథలో చిక్కంతా అదే. మనిషి చిక్కడమే చిక్కు.

ఈ వారమే కొత్తగా మన వీధిలోకి అడుగుపెట్టినవాళ్లు కంగారు పడక్కర్లేదు, రెండు గుక్కల్లో చెప్పేస్తాను. తూకం యంత్రాలు బాగుచేసే కొట్టు ఒకటి. కొట్టుకి అన్నదమ్ములిద్దరు. అన్న భారీ మనిషి, మనసూ భారీయే, అందుకని ఊరంతా కిలోల మేస్త్రి అనేది. తమ్ముడు సన్నం, పైగా పట్టింపు మనిషి. వెంట్రుకంత తేడా వచ్చినా యంత్రాన్ని మళ్లీ మొదటినుంచీ విప్పేవాడు గనక గ్రాముల మేస్త్రి. ఇత్తడి రాళ్లను అరగదీసి అరగదీసి, ఆ పొడి పీల్చి పీల్చి ఇద్దరి ఊపిరితిత్తుల్లో తిత్తులు కాస్తా తూట్లయ్యాయి. పోయినేడు అన్న పోయాడు. తమ్ముడికి మాత్రం ఒక దారి మిగిలింది. పెద్దాసుపత్రి డాక్టరు ఆపరేషన్ చేస్తానన్నాడు, ఒక్క షరతు మీద. మనిషి యాభై కిలోలకు తగ్గకూడదు. తగ్గితే ఒళ్లు కత్తికి తట్టుకోదు, జాబితాలోంచి పేరు కొట్టేస్తారు.

యాభై కిలోలు ఉండాలంటే తినాలి. తినాలంటే ఆకలి ఉండాలి. ఆకలెక్కడిది? ఆ కల వచ్చికూడా ఆర్నెల్లయింది. రెండు ముద్దలు నమిలేసరికి ఆయాసం. ఊపిరి పీల్చాలా, మెతుకు మింగాలా అని గొంతుకి ధర్మసందేహం. ఏం పెట్టినా నోటికి ఇత్తడి రుచే. అన్నీ రుచులే ఉండే ఇంట్లో ఆయన ఒక్కడికే అరుచి, దాని మీద ఇంటిల్లిపాదీ అరుచుడు.

వారంవారం గురువారం మధ్యాహ్నం రెండింటికి వచ్చే నర్సమ్మ మంచి మాటలే చెప్పింది. "ఆకలి కోసం ఎదురుచూడకండి మేస్త్రిగారూ, అది రాదు. గడియారం చూసి తినండి. కంచం చిన్నది పెట్టండి. వేడివేడిగా వాసనొచ్చేవి వద్దు, చల్లార్చి పెట్టండి. తినేముందు పది నిమిషాలు పడుకోండి. అన్నిటికన్నా ముఖ్యం, ఒంటరిగా తినకండి." చివర్న ఒక పుస్తకం మంచం పక్కన మేకుకి తగిలించి, పూటకి ఎన్ని ముద్దలు తిన్నారో రాయమంది. మేస్త్రి భార్య లాండ్రీలో ఇస్త్రీ చేసే స్త్రీ. పొద్దున్నే వెళ్లి మూడింటికి గానీ రాదు. అందుకని మధ్యాహ్నం కంచం పెట్టి వెళ్లే పని వదినగారిది, అంటే కిలోల మేస్త్రి భార్యది. ఆమె కింద వాటాలో ఉంటుంది. కంచం పెడుతుంది, దిగిపోతుంది. మేస్త్రి రెండు ముద్దలు తింటాడు, అలిసిపోయి కునుకు తీస్తాడు. లేచి చూసేసరికి కంచం తుడిచినట్టు ఖాళీ. మేకుకున్న పుస్తకంలో కొత్త గీత: "మద్యానం ఏడు ముద్రలు."

ముద్దలు కాదండీ, ముద్రలు!

ఇక్కడే మన మేస్త్రి వెన్నులో చన్నీళ్లు దిగాయి. ఎందుకంటే ఈ భూమ్మీద ముద్దని ముద్ర అనీ, ముద్రని ముద్ద అనీ రాసే మనిషి ఒక్కడే ఒక్కడు, కిలోల మేస్త్రి. ఒత్తు ఉన్నచోట క్రావడి వేస్తాడు, క్రావడి ఉన్నచోట ఒత్తేస్తాడు. నిద్రను నిద్ద చేశాడు, పాత్రను పాత్త చేశాడు. కొట్టు రిజిస్టరు నిండా "పది కిలోల రాయికి ముద్ద వేశాను" అని రాసేవాడు. అన్నం వేళకి తమ్ముణ్ణి ఏడిపించడానికి నోటితోకూడా అలాగే పిలిచేవాడు: "రారా, ముద్ర వేద్దాం!"

అన్న పోయి ఏడాది. అన్న రాత మొన్నటిది.

అది చాలదన్నట్టు రెండో వింత. మేస్త్రి బెల్టు మూడు రంధ్రాలు లోపలికి నడిచింది. అయినా గురువారం గురువారం కాటా ఎక్కితే, కోటు బరువు తీసేసి, సరిగ్గా యాభై ఒక్క కిలోలు. అయిదు వారాలుగా ముల్లు కదల్లేదు. ఆ కాటా ఆయన చేత్తో సరిచేసింది, అబద్ధమాడదు. పోయినవారం కథ చివర్న, అంటే ఈ గురువారం పొద్దున, అనుమానం వచ్చి తన రాళ్లపెట్టె తెరిచాడు. రాళ్లంటే వీధిలో రాళ్లు కావు, తూకం వేసే ఇత్తడి రాళ్లు. అయిదు వందలు, రెండు వందలు రెండు, వంద. ఆ నాలుగు గుంటలూ ఖాళీ.

అక్కడ వదిలేశాం. ఇక పదండి లోపలికి. చెప్పుల చప్పుడు మీద ఓ చెవి వేసి ఉంచండి, ఎందుకో తర్వాత తెలుస్తుంది.

*

గురువారం పన్నెండున్నర. కిటికీ ఊచల నీడలు నేల మీద కొలబద్ద గీతల్లా పడి ఉన్నాయి. మేస్త్రి దూది కోటు మెడదాకా గుండీలు పెట్టుకుని పడుకున్నాడు. ఆయనకి ఎండలోకూడా చలి.

"ఏం మరిదీ, ఇవాళైనా కంచంతో మాటలు కలిశాయా?" అంటూ వదిన వచ్చింది. చిన్న కంచంలో మెత్తటి అన్నం, నలిపిన గుడ్డు, చల్లార్చిన కూర.

"కంచం కొంచెమే వదినా. నాకే ఆ కొంచెం మంచమంత కనిపిస్తోంది."

"మాటలకి మాత్రం అరుగుదల బాగానే ఉంది."

"వాటిని నమలక్కర్లేదుగా."

ఆమె నవ్వలేదు. మేకుకున్న పుస్తకంవైపు ఒకసారి చూసి, మెట్లు దిగిపోయింది. ఆమె అడుగులు కిందిదాకా విని, మేస్త్రి లేచి కూర్చున్నాడు. ఒక ముద్ద. ఊపిరి. ఇంకో ముద్ద. ఊపిరి, ఊపిరి, ఊపిరి. మూడోది వేళ్ల మధ్యే ఉండిపోయింది. దాన్ని కంచంలో వదిలి, మూత పెట్టి, గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఇవాళ నిద్రపోయే ఉద్దేశం లేదు. నిద్దపోయే ఉద్దేశం అసలే లేదు.

గోడకి పాత కాటా పళ్లెం ఒకటి వేలాడుతూ ఉంటుంది. ఇత్తడిది, గుంటగా, అద్దంలా మెరిసేది. అందులో గదంతా తలుపుతో సహా కనిపిస్తుంది. మేస్త్రి కళ్లు సగం మూసి దానివైపే చూస్తున్నాడు. మీసం కదలకుండా ఊపిరి తీస్తున్నాడు. ఆ ఊపిరితిత్తులతో అది ఎంత కష్టమో ఆయనకే తెలుసు.

పావుగంట గడిచింది.

కిర్రు.

మెట్ల మీద. ఒక అడుగు మామూలు, ఒక అడుగు కిర్రు. మామూలు, కిర్రు. అన్న చెప్పులు! ఎడమకాలి చెప్పు కిర్రుమంటుందని ఇరవై ఏళ్లు నవ్వుకున్న చెప్పులు. "నేనొస్తున్నానని ముందే చప్పట్లు కొడుతుందిరా, మంచి చెప్పు, చెప్పి వచ్చే చెప్పు" అనేవాడు అన్న.

ఇత్తడి పళ్లెంలో తలుపు తెరుచుకుంది. ఒక ఆకారం లోపలికి వచ్చింది. వెడల్పు భుజాలు, గోధుమరంగు కొట్టుచొక్కా, తలుపంత మనిషి. కుర్చీ లాక్కుని కూర్చుంది. కంచం మీద మూత తీసింది. చెయ్యి కలిపింది, ముద్ద చేసింది, నోట్లో పెట్టుకుంది.

చిన్నప్పటినుంచీ తమ్ముడి కంచంలో మిగిలింది తినేది అన్నే. "నీకు మిగులు, నాకు దిగులు. పారెయ్యలేను, ఇటు తే" అని లాక్కునేవాడు.

ఒకటి. రెండు. మూడు. మేస్త్రి లెక్కపెడుతూనే ఉన్నాడు, లెక్క ఆయన ఊపిరికన్నా పాత అలవాటు. నాలుగు. అయిదు. ఆయన తిన్న రెండూ, ఈ అయిదూ, ఏడు. ఆకారం చెయ్యి తుడుచుకుంది. మేకు మీంచి పుస్తకం దిగింది. పెన్సిలు గరగరమంది.

మేస్త్రి ఒక్క ఊపున ఇటు తిరిగాడు.

"అన్నయ్యా!"

కుర్చీలో వదిన.

నోటినిండా అన్నం, చేతిలో పెన్సిలు, ఒంటి మీద మొగుడి కొట్టుచొక్కా, కాళ్లకి మొగుడి చెప్పులు. గుంటపళ్లెం సన్నటి మనిషిని సాగదీసి చూపించింది. ఇత్తడికికూడా మనిషిని చూసి మాట్లాడే బుద్ధి ఉంటుందేమో, ఎవరికి తెలుసు!

పొలమారింది ఆమెకి. మేస్త్రికి ఆయాసం. ఒకరికి నీళ్లు కావాలి, ఒకరికి గాలి కావాలి. ఇద్దరూ ఒకరికొకరు ఇచ్చుకునే స్థితిలో లేరు. కాసేపు దగ్గూ ఎగశ్వాసా పోటీపడ్డాయి.

"నువ్వా వదినా!" అన్నాడు చివరికి.

"మరెవరు రావాలని చూస్తున్నావు?"

"ఆ చొక్కా ఏంటి, ఆ చెప్పులేంటి?"

ఆమె చొక్కా అంచు వేళ్లతో నలుపుకుంది. "నీ కంచం మిగులు నేను తింటే తప్పు. ఆయన తింటే అలవాటు. అందుకని..."

మేస్త్రికి కోపం వచ్చిన దారినే వెనక్కి పోయింది. కానీ పుస్తకం ఇంకా ఆమె చేతిలోనే ఉంది.

"రాసింది నువ్వేనా? నీకు రాతెప్పుడొచ్చింది? పెద్దాసుపత్రి కాగితాల మీదకూడా వేలిముద్రే వేశావు కదా!"

"వేలిముద్ద," అంది ఆమె మెల్లిగా, ఎవరినో సరిదిద్దుతున్నట్టు. "ఆయనే నేర్పారు. పెళ్లైన కొత్తలో, కొట్టు మూసి వచ్చాక, పాత చీటీల వెనక. 'మనిద్దరికే తెలియాలి, మా గ్రాములవాడికి తెలిస్తే ఒత్తులు తూకం వేస్తాడు' అన్నారు. అందుకని ఎవరికీ చెప్పలేదు."

"తప్పులుకూడా నేర్పాడన్నమాట."

"తప్పులా?" ఆమె నిజంగానే ఆశ్చర్యపోయింది. "ఆయన ఎలా రాస్తే అదే అక్షరం అనుకున్నా నాయనా. తప్పని ఇవాళ నువ్వు చెప్తున్నావు."

ఏడాది కింద పోయిన మనిషి ఇంకా ఎక్కడున్నాడో మేస్త్రికి అర్థమైంది. క్రావడిలో ఉన్నాడు. ఒత్తుకింద దాక్కుని ఉన్నాడు.

ఆమె చేతిలోంచి పుస్తకం తీసుకుని పేజీలు తిప్పాడు. ఏడు ముద్రలు, ఏడు ముద్రలు, ఆరు ముద్రలు. చివరి అట్ట లోపలివైపు ఇంకేవో గీతలు కనిపించాయి. ఇంతకుముందు చూడలేదు. వెలుగుకి పెట్టి చదివాడు.

"బుదవారం. కోటుకి కుట్ర వేశాను. వంద."

కింద ఇంకోటి. "బుదవారం. మళ్లీ కుట్ర. రెండు వందలు." దానికింద మరో రెండు వందలు. చివర్న, నిన్నటి తేదీతో, "పెద్ద కుట్ర. అయిదు వందలు."

"కుట్రా!" మేస్త్రి గొంతు పీలగా లేచింది. "ఎవరి మీద?"

"ఎవరి మీదేంటి, కోటు మీద."

"కుట్టా కుట్రా?"

"రెండూ ఒకటి కాదూ?"

మేస్త్రి తన దూది కోటు అంచు పట్టుకుని పైకెత్తాడు. బరువు. కొన్నాళ్లుగా ఒళ్లు బరువెక్కుతోందని, అది జబ్బు ముదరడమేనని అనుకుంటున్నాడు. అంచులో దూదికి బదులు ఏదో గట్టిగా వేలికి తగిలింది.

"ఒక్కోసారి ఒకటే వదినా," అన్నాడు.

*

కొట్టులోకొచ్చి తనని కొట్టినా క్షమించేవాడు గానీ కాటాచేత తప్పు చెప్పించినవాణ్ణి మేస్త్రి జన్మలో క్షమించలేదు. కాటాకి దీర్ఘం తీసి గుడి పెడితే కాటి అవుతుంది, అక్కడికే పోతారు అనేవాడు దొంగ తూకాలవాళ్లని. ఇప్పుడు ఆ దొంగ తూకం ఆయన ఒంటి మీదే ఉంది.

"కత్తి కింద పడుకోబోయేది కోటు కాదు వదినా, నేను! యాభైకి తగ్గితే ఒళ్లు తట్టుకోదని డాక్టరు చెప్పాడా లేదా? నన్ను చంపుదామనా?"

"కత్తి కిందకి వెళ్లని మనిషి ఏమయ్యాడో నేను చూశాను." ఆమె గొంతు పెంచలేదు. పెంచకపోవడమే భయంగా ఉంది. "ఇదే గది. ఇదే కాటా. ఆ రోజు ఆయన ఎక్కినప్పుడు ఎంతుంది మరిదీ? నువ్వే చెప్పు, నీకు గుర్తుంటుంది."

గుర్తుండకేం. జబ్బు కరిగించేశాక అన్నలో మిగిలింది నలభై తొమ్మిది కిలోల ఎనిమిది వందల గ్రాములు. రెండు వందలు తక్కువ.

"నర్సమ్మ ఏమంది? 'రెండొందలేగా, యాభై అని రాసేస్తా' అనలేదూ? నువ్వేమన్నావు?"

ఆ రోజు అన్న మాట్లాడకుండా తన మొహంలోకి చూశాడు. ఒక్కసారి. కుక్కపిల్ల చూసినట్టు చూశాడు, ఒకప్పుడు అంత భారీ మనిషి. తను మాత్రం కడ్డీ మీద గుండు జరిపి, మళ్లీ జరిపి, "తూకం తూకమే అమ్మా" అన్నాడు. అప్పుడు అన్నే నవ్వి, "వాడు గ్రాముల మేస్త్రి కదమ్మా, మరి కిలోలు వాడికెక్కడ ఆనతాయి?" అని దిగిపోయాడు. జాబితాలోంచి దిగాడు, మూడు వారాలకి ఇంట్లోంచి దిగాడు.

ఆఖరి చూపులప్పుడు ఎవరూ చూడకుండా మేస్త్రి ఒక పని చేశాడు. అన్న రాళ్లపెట్టెలోంచి రెండు వందల గ్రాముల రాయి తీసి, అన్న తెల్లచొక్కా జేబులో వేసి, గుండీ పెట్టాడు. ఆలస్యంగా వేసిన తూకం. ఆ జేబుతో సహా అన్న వెళ్లిపోయాడు. ఈ సంగతి భార్యకికూడా చెప్పలేదు. ఆ రోజునుంచే నోట్లో ఇత్తడి రుచి.

"నీకూ అంతే జరుగుతుందని కుట్టాను," అంది వదిన. "ఆయనకి కుట్టడానికి నాకు తోచలేదు. తెలివి ఒక ఏడాది ఆలస్యంగా వచ్చింది."

నేల మీద ఊచల నీడలు ఒక గీత పక్కకి జరిగాయి.

అప్పుడు మేస్త్రి మెదడులో ముల్లు కదిలింది. అలవాటు, ఏం చేస్తాం! ఏడుస్తూకూడా కూడిక చేసే మనిషి.

"ఆగాగు. ఎన్ని కుట్టావు? నాలుగేనా?"

"నాలుగే. అట్ట మీద రాశాగా."

"వంద, రెండొందలు, రెండొందలు, అయిదొందలు. మొత్తం కిలో. నిన్న నువ్వు చివరిది కుట్టాక, ఇవాళ పొద్దున నేను ఎక్కి చూసుకున్నాను, యాభై ఒకటి. అందులోంచి కిలో తీసేస్తే..."

వదిన కళ్లు పెద్దవయ్యాయి. ఒత్తులు రాకపోయినా ఆమెకి తీసివేతలు వచ్చు.

"యాభై," అంది.

"సరిగ్గా యాభై! వదినా, నీ కుట్రకి పనే లేదు. దొంగ తూకం లేకుండానే నేను గట్టు మీదున్నాను!"

మేస్త్రి నవ్వాడు. నవ్వితే దగ్గొచ్చింది, దగ్గులోకూడా నవ్వాడు. వదినకూడా నవ్వింది. ఏడాదిలో మొదటిసారి కావచ్చు, ఆ నవ్వుకి తుప్పు పట్టిన చప్పుడుంది. ఆ ఊపులో ఆమె కిందకి వెళ్లి ఇంకో చిన్న కంచం పట్టుకొచ్చింది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. ఆమె ఒక ముద్ద తింటే ఆయన ఒక ముద్ద తిన్నాడు. ఆమె ఆగితే ఆయన ఊపిరి పీల్చుకున్నాడు. నాలుగు ముద్దలు దిగాయి. ఆకలేసి కాదు, ఎదురుగా మనిషి ఉండి. నర్సమ్మ చెప్పిన మాటల్లో ఆఖరిదే ఎంత పెద్ద మందో ఆ పూట ఆయనకి తెలిసింది.

"ముందు ఈ రాళ్లు తీసి పెట్టెలో పెడదాం. నర్సమ్మ ముందు కోటు లేకుండా ఎక్కుతాను," అన్నాడు.

వదిన కత్తెర తెచ్చి అంచు విప్పడం మొదలుపెట్టింది. ఒక్కో రాయీ తీసి బల్ల మీద పెడుతుంటే మేస్త్రి ఒక్కోదాన్నీ తిప్పి చూస్తున్నాడు. అన్నదమ్ములు తమ రాళ్లమీద ఎవరి గుర్తు వాళ్లు పొడిచేవాళ్లు. అన్నవాటికి ఒక చుక్క, తమ్ముడివాటికి రెండు చుక్కలు. వంద, రెండు చుక్కలు. రెండు వందలు, రెండు చుక్కలు. రెండు వందలు, రెండు చుక్కలు. అయిదు వందలు, రెండు చుక్కలు.

"అయిపోయాయి," అని కోటు దులిపింది వదిన.

టక్.

ఏదో నేలమీద పడి, దొర్లి, మేస్త్రి పాదానికి తగిలి ఆగింది.

ఇత్తడి రాయి. రెండు వందల గ్రాములు. నెత్తిన ఒక చుక్క.

"ఇది నేను కుట్టలేదు," అంది వదిన. మళ్లీ అంది, "మరిదీ, ఇది నేను కుట్టలేదు."

ఆమె అబద్ధం చెప్పడం లేదు. ఆ రాయి ఎక్కడికి వెళ్లిందో ప్రపంచంలో ఒక్క మనిషికే తెలుసు. ఆ మనిషి వంగి దాన్ని తీశాడు. అప్పటిదాకా ఎవరో పిడికిట్లో పట్టుకుని ఇప్పుడే వదిలినట్టు వెచ్చగా ఉంది.

రాయిని బల్ల మీద పెట్టి, కోటు లేకుండా, వణుకుతూ కాటా ఎక్కాడు మేస్త్రి. కిలో తీసేస్తే యాభై. కానీ కోటులో ఉన్నది కిలో కాదు, కిలో రెండు వందలు. వేళ్లు గుండుని కడ్డీ మీద నెమ్మదిగా జరిపాయి. యాభై దగ్గర పెడితే కడ్డీ కిందకి వాలిపోయింది. వెనక్కి జరిపాడు. ఇంకొంచెం. నిలబడింది.

నలభై తొమ్మిది కిలోల ఎనిమిది వందలు.

అన్న తూకం. గ్రాము తేడా లేదు.

వీధి తలుపు చప్పుడైంది. కింద నర్సమ్మ గొంతు, దానితో భార్య గొంతు: "ఏవండీ, ఇవాళ తొందరగా పంపించేశారు, నర్సమ్మకూడా దారిలోనే కలిసింది!" మెట్ల మీద నాలుగు కాళ్లు ఎక్కుతున్నాయి.

వదిన బల్ల మీంచి ఒక చుక్క రాయి తీసి ఆయన అరచేతిలో పెట్టి, వేళ్లు మూసేసింది. "యాభై," అంది గుసగుసగా. "ఆయనే పంపారు. ఆయనకి తక్కువైంది నీకు పంపారు. చెయ్యి మూసుకుని నిలబడు మరిదీ, అంతే. ఇంకేం చెయ్యక్కర్లేదు."

రెండు వందల గ్రాములు. అంతే తేడా. చెయ్యి మూసుకుంటే జాబితాలో ఉంటాడు, కానీ తట్టుకోలేని ఒంటితో కత్తి కిందకి పోతాడు. తెరిస్తే పేరు పోతుంది, ఆ తర్వాత మూడు వారాలో, ఆరు వారాలో.

"ఏం మేస్త్రిగారూ, నేను రాకముందే ఎక్కేశారే!" నర్సమ్మ నవ్వుతూ వచ్చింది. "కోటేది? చలి తగ్గిందా?" గుండుని చేత్తో యాభైకి జరిపి కడ్డీవైపు వంగింది. కడ్డీ సమంగా నిలబడింది. ఆమె కళ్లు కడ్డీ మీంచి ఆయన పిడికిలి మీదకి జరిగాయి. "చేతిలో ఏమిటండీ?"

తలుపు దగ్గర భార్య. కుర్చీ పక్కన వదిన, ఎంగిలి కంచం తీస్తున్నట్టు చేత్తో పట్టుకుని, కళ్లతో వద్దు వద్దు అంటూ. మేస్త్రి అన్న మొహం తలుచుకున్నాడు, ఆ రోజు ఒక్కసారి చూసిన చూపు. తూకం తూకమే అన్న నోరు తనది. అదే నోటితో అబద్ధం మింగాలంటే, అన్నంకన్నా అది కష్టం.

"క్షమించమ్మా," అన్నాడు. "నేను యాభై లేను. ఇదిగో."

పిడికిలి తెరిచాడు.

అరచెయ్యి ఖాళీ.

రాయి లేదు. నేల మీద పడిన చప్పుడు లేదు. అరచేతి మధ్య ఎర్రగా ఒక గుండ్రటి అచ్చు, దాని నడుమ ఒకే ఒక్క చుక్క. ముద్ర.

"ఏది?" అంది నర్సమ్మ. "ఏమీ లేదే! ఎందుకు లేరండీ, బంగారంలా యాభై ఉన్నారు. చూడండి."

మేస్త్రి చూశాడు. గుండు యాభై దగ్గరే ఉంది. కడ్డీ గాలిలో గీత గీసినట్టు, అటు వాలక, ఇటు వాలక నిలబడి ఉంది. నర్సమ్మ పుస్తకం తీసి రాసుకుంటోంది. భార్య కొంగుతో కళ్లు ఒత్తుకుంటోంది. వదిన ఒక్కర్తే కదలకుండా ఆ అరచేతివైపు చూస్తోంది.

అప్పుడు కడుపులో ఏదో కదిలింది. ముందు చల్లగా, తర్వాత వెచ్చగా, తర్వాత గిన్నె గోకినట్టు గరగరగా. ఏమిటో పోల్చుకోవడానికి ఆయనకి క్షణం పట్టింది. ఆర్నెల్లయింది కదా మరి! నోట్లో ఇత్తడి రుచి లేదు. గదిలో ఎక్కడో అన్నం వాసన, ఎంత బావుందో!

ఆకలి.

నవ్వుతూ వదినవైపు తిరిగి, ఆకలేస్తోంది అని చెబుదామని నోరు తెరిచాడు. నోట్లోంచి వచ్చిన మాట ఆయన అనుకున్నది కాదు. గొంతూ ఆయనది కాదు. సన్నటి గొంతు కాదు అది, గదంతా నిండే భారీ గొంతు.

"రావే," అంది ఆ గొంతు, "ముద్ర వేద్దాం."

వదిన చేతిలో కంచం నేల మీద పడి, గిరగిరా తిరుగుతూ, చాలాసేపటిదాకా ఆగలేదు.